రేవులో అనకూడని మాట

ఇంగ్లీషు సంగతి నన్నడగండి. రేపల్లె నుంచి తెనాలి దాకా రైలు పట్టాల పొడుగునా ఎంతమంది చదువుకున్నవాళ్ళున్నా, నాకు వచ్చినంత ఇంగ్లీషు ఇంకొకరికి రాదు. మా ఊరి కాలవలో కప్పలు కూడా నన్ను చూస్తే బెకబెకమనడం మాని గుడ్ మార్నింగ్ అంటాయి. ఇది రెండు ఇంగ్లీషు మాటల కథ కాబట్టి, దీన్ని నేను చెప్పడమే న్యాయం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చే పీరియడ్ అది. రేపల్లెలో ఒక బడి. ఐదో తరగతి పిల్లల కళ్ళు పెరుగన్నం బరువుకి వాలిపోతున్నాయి. పైన ఫ్యాను తిరుగుతోందో, తిరిగినట్టు నటిస్తోందో తెలియడం లేదు. ఇలాంటి వేళ బోర్డు మీద రాస్తే లాభం లేదనుకున్నారో ఏమో, మంగతాయారు టీచర్ డస్టరు చేత్తో పట్టుకుని వెళ్ళి గుమ్మంలో నిలబడ్డారు.

ముందు బెంచీలో సాయికిరణ్‌ని తన దగ్గరికి నడిచి రమ్మన్నారు. వాడు నడిచి వచ్చాడు. అది 'కమ్' అన్నారు. తన దగ్గర నుంచి కిటికీ వైపు వెళ్ళమన్నారు. వాడు వెళ్ళాడు. అది 'గో' అన్నారు.

మాట్లాడే మనిషి వైపుకో, వినే మనిషి వైపుకో కదిలితే 'కమ్'. వాళ్ళున్న చోటు వదిలి ఇంకెటైనా కదిలితే 'గో'. 'కమ్' అనాలంటే అటుపక్క ఎవరో ఒక మనిషి ఉండాలి, 'గో' అనడానికి దారి ఉంటే చాలు అని టీచర్ చెప్పారు. అమ్మ వంటింట్లోంచి పిలిచిందనుకోండి, 'ఐ యామ్ కమింగ్' అనాలి. అమ్మ దగ్గరికే కదా వెళ్తున్నాం. నిన్నటి సంగతి చెప్పేటప్పుడు 'కమ్' కాస్తా 'కేమ్' అవుతుంది. 'గో' మాత్రం పాత పోలిక ఒక్కటీ మిగలకుండా 'వెంట్' అయిపోతుంది. అది చొక్కా మార్చుకోవడం కాదు, మొహమే మార్చుకోవడం అన్నారు టీచర్. పిల్లలు నవ్వారు. నిద్ర ఎగిరిపోయింది.

తర్వాత ఇద్దరిద్దరికి ఒక్కో జంట మాటలు పంచారు. ఆ రెండు మాటల తేడా చూపిస్తూ చార్టు తయారుచేయాలి. వాక్యాలు పుస్తకంలోంచి ఎత్తకూడదు. ఇంట్లో, వీధిలో నిజంగా జరిగేవే రాయాలి. మూడో బెంచీలో కూర్చునే శ్రీవిద్యకీ నాగమల్లేశ్వరికీ 'కమ్', 'గో' వచ్చాయి.

ఈ శ్రీవిద్య గురించి చెప్పాలి. పదేళ్ళ పిల్ల. చెవి మాత్రం మహా పదును. రేపల్లె బస్టాండులో ఎవరైనా ఒక ఇంగ్లీషు ముక్క తప్పు మాట్లాడితే, తను తెనాలి రైల్లో ఉన్నా సరే ఉలిక్కిపడేదని చెప్పుకునేవారు. టిఫిన్ సెంటర్ బోర్డు మీద ఇడ్లీ స్పెల్లింగు తప్పుందని ఆ హోటలాయనతో చెబితే, ఆయన సిగ్గుపడి ఇంకో గరిటె చట్నీ వేశాడు. అప్పటి నుంచి తప్పులు పట్టడం పుణ్యం, పురుషార్థం రెండూ అనుకుంది. వాళ్ళమ్మని దిద్దేది. పాలబ్బాయిని దిద్దేది. టీవీలో వార్తలు చదివేవాళ్ళని కూడా దిద్దేది, వాళ్ళకి వినపడకపోయినా.

నాగమల్లేశ్వరిని అందరూ మల్లి అంటారు. సముద్రం పక్కన అడవులదీవి నుంచి బడి వ్యానులో వస్తుంది. వాళ్ళ నాన్న నాంచారయ్య బోటు మీద వేటకి వెళ్తాడు. వాళ్ళమ్మ మస్తానమ్మ చేపలు అమ్ముతుంది. మల్లి లెక్కల్లో ఫస్టు. ఇంగ్లీషు దగ్గర మాత్రం అడుగు తీసి అడుగు వేయడానికి ఆలోచిస్తుంది.

ఆ రోజు వ్యాను ముందుగా బయలుదేరుతోందని ఆయా వచ్చి చెప్పింది. మల్లి బ్యాగు తగిలించుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, ధైర్యం కూడదీసుకుని అంది.

"టీచర్, ఐ యామ్ కమింగ్."

"బయటికి పోతూ కమింగ్ ఏంటే?" అంది శ్రీవిద్య, టీచర్ కంటే ముందు. "గోయింగ్."

క్లాసంతా గొల్లున నవ్వింది. మల్లి కూడా నవ్వింది, కానీ ఆ నవ్వు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది. ఇంట్లో వాళ్ళు బయలుదేరేటప్పుడు అనే మాటనే ఆ పిల్ల ఇంగ్లీషులోకి మార్చుకుందని టీచర్‌కి అర్థమైంది. చెబుదామనుకునేలోపల వ్యాను హారన్ మోగింది.

మర్నాడు రెండో శనివారం, బడికి సెలవు. చార్టు పని కోసం శ్రీవిద్యని వాళ్ళమ్మ స్కూటీ మీద అడవులదీవి తీసుకువెళ్ళి, సాయంత్రం వస్తానని చెప్పి మల్లి ఇంట్లో దించి వెళ్ళింది.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. మొదట్లో నా ఇంగ్లీషు గురించి కాస్త ఎక్కువ చెప్పాను. నేను చదివింది మా ఊరి పాకబడిలో. ఇంగ్లీషు మాస్టారు వచ్చేనాటికి నేను బడి మానేసి గేదెలు కాస్తున్నాను. ఈ 'కమ్', 'గో' తేడా కూడా ఆ పిల్లలిద్దరి చార్టు చూసి తెలుసుకున్నదే. కప్పల సంగతి మాత్రం నిజం.

సరే, శ్రీవిద్య వెళ్ళేసరికి ఇల్లంతా హడావుడిగా ఉంది. సముద్రం ఆటు మొదలయ్యే వేళ అది. నీళ్ళు వెనక్కి తీసేటప్పుడు ఆ లాగుడుతోపాటు బోట్లు కాలవలోంచి సముద్రంలోకి జారుకోవాలి. ఆలస్యం చేస్తే కాలవలో నీళ్ళు తగ్గి బోటు బురదలో కూర్చుంటుంది. అందుకని అందరూ పనులు చకచకా చేస్తున్నారు కానీ ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. మల్లి బాబాయి చిట్టిబాబు ఐసు పెట్టె మోస్తున్నాడు. మస్తానమ్మ క్యారేజీ కడుతోంది. మల్లి నాయనమ్మ రాఘవమ్మ అరుగు మీద కూర్చుని, బోటెక్కేవాళ్ళకి ఎదురు రావద్దని కోళ్ళకి కూడా చెబుతోంది.

పిల్లలిద్దరూ వాళ్ళ వెనకే రేవుకి వెళ్ళారు. కాలవకి అటూ ఇటూ మడ చెట్లు వేళ్ళు బయట పెట్టుకుని నీళ్ళలో నిలబడి ఉన్నాయి. చలికాలపు ఎండ హాయిగా ఉంది. శ్రీవిద్య చేతిలో పెన్సిలూ కాగితమూ ఉన్నాయి. బోటు రావడం, బోటు వెళ్ళడం. చార్టుకి ఇంతకంటే మంచి వాక్యాలు ఎక్కడ దొరుకుతాయి?

నాంచారయ్య వెడల్పాటి మనిషి. నవ్వితే కళ్ళు మూసుకుపోతాయి. పంచె పైకి కట్టి, తల్లితో వస్తానమ్మా అన్నాడు. భార్యతో వస్తా అన్నాడు. మల్లి తల మీద చెయ్యి వేసి ఇంకోసారి అదే మాట అనబోయాడు.

శ్రీవిద్య నోట్లో నువ్వుగింజ నానదు కదా.

"బాబాయ్, మీరు సముద్రంలోకి వెళ్తున్నారు కదండి. మరి వస్తాను అంటారేంటి? ఇంగ్లీషులో అలా అంటే తప్పు. ఐ యామ్ గోయింగ్ అనాలి. ఒక్కసారి అనండి, చార్టులో రాసుకుంటాం."

మల్లి ఆమె గౌను అంచు పట్టుకుని లాగింది. శ్రీవిద్య గమనించలేదు. చిట్టిబాబు చేతిలోని తాడు ఆగిపోయింది. మస్తానమ్మ ఏదో అనబోయి, ఇంటికొచ్చిన పిల్ల కదా అని ఆగింది.

నాంచారయ్య ఆ పిల్ల వైపు చూశాడు. పెన్సిలు పట్టుకుని, తల పైకెత్తి, ఎంతో ఆశగా నిలబడి ఉంది. కాదంటే చిన్నబుచ్చుకుంటుంది. నీళ్ళా, తీసేస్తున్నాయి. ఆలోచించుకునే వ్యవధి లేదు. ఆయన మంచితనమే ఆయన చేత అనిపించింది.

"ఐ యామ్ గోయింగ్. సరిపోయిందా, టీచరమ్మా?"

నవ్వుతూనే బోటెక్కాడు. వెనకే చిట్టిబాబూ ఎక్కాడు. ఇంజను దబదబమంది. బోటు మడ చెట్ల మలుపు తిరిగింది. ఆయన అక్కడ వెనక్కి తిరిగి చెయ్యెత్తి ఏదో అన్నాడు గానీ ఆ మోతలో ఎవరికీ వినపడలేదు.

శ్రీవిద్య సంతోషంగా వాక్యం రాసుకుంది. తలెత్తి చూసేసరికి రేవులో ఎవరూ ఆమె వైపు చూడటం లేదు.

మధ్యాహ్నం మస్తానమ్మ ఎప్పటిలాగే ఆదరంగా రొయ్యల కూర వడ్డించింది. మల్లి మాత్రం అన్నం కెలికి లేచింది. చార్టు ముందు కూర్చుని ఒక్క గీత గీయలేదు. ఏమైందని శ్రీవిద్య అడగ్గా అడగ్గా, చాలాసేపటికి చెప్పింది. వాళ్ళ నాన్న ఇంతవరకు ఏనాడూ ఆ మాట అనలేదట. వాళ్ళింట్లోనే కాదు, ఆ రేవులో వేటకెళ్ళే ఏ మనిషీ అనడట. వస్తాననే బోటెక్కుతాడట.

శ్రీవిద్యకి ఇది వింతగా తోచింది. మాటకీ బోటుకీ సంబంధం ఏముంటుంది? బోటు నడిచేది డీజిలుతో, గాలితో, నీళ్ళతో. ఈ సంగతులన్నీ సైన్సు మేడమ్ చెప్పినట్టే వివరంగా చెప్పడం మొదలుపెట్టింది.

"సైన్సు నాకూ తెలుసు," అంది మల్లి. "నీకంటే నాకే మార్కులెక్కువ. నువ్వింక మాట్లాడొద్దు."

సాయంత్రం అమ్మ స్కూటీ వచ్చేదాకా ఇద్దరూ నిజంగానే మాట్లాడుకోలేదు. శ్రీవిద్య బై చెప్పింది. మల్లి తలుపు చాటు నుంచి ఇవతలికి రాలేదు.

ఆదివారం గడిచింది. సోమవారం పొద్దున శ్రీవిద్య నాన్న విజయసారథి ఎప్పటిలాగే తెనాలి రైలు కోసం హడావుడి పడుతున్నాడు. అక్కడ ఆయనకి ఉద్యోగం. ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండో చెప్పు కోసం వెతుక్కుంటూ, గేటు దగ్గర నుంచి వస్తానని కేక వేశాడు. వంటింట్లో మిక్సీ గీపెడుతోంది. అయినా అమ్మ మిక్సీ ఆపి, ఆఁ అని, మళ్ళీ తిప్పింది.

శ్రీవిద్య పాలగ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. నాన్న రోజూ ఇలాగే అంటాడా? అమ్మ రోజూ మిక్సీ ఆపుతుందా? ఇన్నేళ్ళుగా ఇదే ఇంట్లో ఉంటూ తను వినలేదు. ఇంగ్లీషు తప్పులు వినే చెవికి ఇది ఆనలేదు.

బడికి వెళ్ళేసరికి అడవులదీవి వ్యాను వచ్చి ఉంది. పిల్లలు దిగారు. మల్లి దిగలేదు. డ్రైవరు దేవదానాన్ని అడిగింది. ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. నాంచారయ్య బోటు నిన్న మధ్యాహ్నానికే రావాలి, ఇంకా రాలేదు. ఒడ్డు దాటితే ఫోన్లు పనిచేయవు. వెతకడానికి తెల్లవారుజామునే రెండు బోట్లు వెళ్ళాయి.

శ్రీవిద్య ఖాళీ వ్యానులోకి ఇంకోసారి తొంగిచూసింది.

ఆ రోజు క్లాసులో సాయికిరణ్ మూడు తప్పులు మాట్లాడాడు. ఆ చెవికి ఒక్కటీ వినపడలేదు. మధ్యాహ్నం డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేసింది. మాటకి బోటుని ఆపే బలం లేదని తెలుసు. తెలిసినా, రేవులో ఆ వాక్యం రాసుకున్న కాగితాన్ని బ్యాగు అడుక్కి తోసేసింది. సాయంత్రం గేటు దగ్గర అమ్మ కనపడగానే, ఇంటికి కాదు, అడవులదీవి తీసుకెళ్ళమంది.

దారిలో, అమ్మ వీపుకి చెంప ఆనించి అడిగింది.

"అమ్మా, మాటవల్ల బోటు ఆగిపోతుందా?"

"ఆగదు," అంది అమ్మ.

కొంతదూరం పోయాక మళ్ళీ అమ్మే అంది.

"మరి నువ్వు అక్కడికెళ్ళి మాత్రం ఆ సంగతి చెప్పబోకు."

రేవులో ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. నీళ్ళు ఎక్కుతున్నాయి. ఒకటీ అరా చిన్న బోట్లు వస్తున్నాయి. వచ్చిన ప్రతి బోటుకీ అందరి మెడలూ సాగుతున్నాయి, మళ్ళీ తగ్గుతున్నాయి. మస్తానమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కాలవ మలుపు వైపే చూస్తోంది. శ్రీవిద్య ఆమె దగ్గరికి వెళ్ళింది. ఏం చెప్పాలో దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ అక్కడికి వెళ్ళేసరికి చెదిరిపోయాయి.

"నా వల్లే పిన్నీ," అంది.

మస్తానమ్మ కిందికి చూసింది. కోప్పడలేదు. చెయ్యి చాచి ఆ పిల్లని దగ్గరికి తీసుకుంది.

"ఛ, ఆ మాటకి పడవ ఆగిద్దని కాదమ్మా. ఆయన తిరిగొచ్చిందాకా మా చేతిలో ఉండేది ఆ ఒక్క మాటే. దాన్ని పట్టుకుని కూర్చుంటాం. ఈసారి ఎక్కేటప్పుడు ఆఖర్న అన్నది అది కాదు. అందుకని ఏం తోచట్లా, అంతే."

తర్వాత, మల్లి అటు గట్టు మీద ఉంది, వెళ్ళి కూర్చోమంది.

మల్లి తిరగేసిన పాత తెప్ప మీద మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చుని ఉంది. శ్రీవిద్య వెళ్ళి పక్కన కూర్చుంది. మల్లి జరగలేదు, పొమ్మనీ అనలేదు. శ్రీవిద్యకి సారీ చెప్పాలని ఉంది. కానీ సారీ చెబితే మల్లి పరవాలేదనాలి. అసలే దిగులుగా ఉన్న పిల్లకి ఇంకో పని పెట్టడం దేనికని ఊరుకుంది. జీవితంలో అంతసేపు ఆ పిల్ల నోరు మూసుకుని కూర్చోవడం అదే మొదటిసారి.

పొద్దు వాలుతోంది. మడ చెట్ల మీదికి కొంగలు చేరుతున్నాయి. మల్లి నీళ్ళ వైపు చూస్తూనే, చాలా మెల్లగా, ఇంగ్లీషులో అంది. తెలుగులో అంటే ఏడుపు వస్తుందని భయపడి ఉంటుంది.

"మై ఫాదర్ కమ్ టుడే."

శ్రీవిద్య చెవి నిక్కబొడుచుకుంది. అందులో తప్పుంది. 'కమ్' కాదు. ఏమనాలో నాలుక చివరి దాకా వచ్చేసింది. ఎన్నాళ్ళ అలవాటో అది, పెదాలు విడిపోయాయి కూడా.

మల్లి గడ్డం వణుకుతోంది.

"యెస్," అంది శ్రీవిద్య. "కమ్ టుడే."

మల్లి ఆమె వైపు తిరిగింది. ఆ మాటలో తప్పుందని మల్లికి తెలుసు. శ్రీవిద్యకి తెలుసని కూడా తెలుసు. అదే మాట మళ్ళీ అంది. ఈసారి ఇద్దరూ కలిసి అన్నారు. ఆ తప్పు వాక్యాన్నే జపంలాగా అనుకుంటూ, భుజానికి భుజం ఆనించి, నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నారు.

ఊరంతా నీళ్ళకేసి చూస్తుంటే, నాంచారయ్య రోడ్డు మీంచి వచ్చాడు.

ఎవరో కేక పెట్టారు. అందరూ వెనక్కి తిరిగారు. గట్టు కింద ఆటో ఆగింది. ముందు చిట్టిబాబు దిగాడు. తర్వాత నాంచారయ్య దిగాడు. భుజం మీద ఒక పండుగప్ప చేప ఉంది. ఎంత చేపనుకున్నారు? వీధి తలుపంత. తోక రోడ్డు మీద గీత గీసుకుంటూ వస్తోంది. బాపట్ల నుంచి ఆ చేపకి ఆటోవాడు వేరే సీటు లెక్కకట్టాడని, అది కిటికీ పక్కనే కూర్చుంటానని పేచీ పెట్టిందని తర్వాత చెప్పుకున్నారు. దాన్ని దించడానికి నలుగురు పట్టాల్సి వచ్చింది.

జరిగింది ఇదీ. నడిసముద్రంలో ఇంజను చెడిపోయింది. బోటు గాలివాటాన బాపట్ల వైపు కొట్టుకుపోయింది. అటు సూర్యలంక బోటువాళ్ళు చూసి తాడు కట్టి ఒడ్డుకి లాక్కొచ్చారు. దిగగానే ఎవరిదో ఫోను అడిగి ఇంటికి చేశాడు. మస్తానమ్మ ఫోను ఇంట్లో చార్జింగుకి పెట్టి ఉంది. అది మోగి మోగి ఊరుకుంది. ఇంట్లో ఉంటే కదా ఎవరైనా ఎత్తడానికి, అందరూ రేవులోనే ఉన్నారాయె.

మస్తానమ్మ నవ్విందో ఏడ్చిందో చెప్పలేం. చెంగు ఇంకా నోటికే ఉంది. రాఘవమ్మ కొడుకు చుట్టూ ఒకసారి తిరిగి, చేతులూ కాళ్ళూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని, అప్పుడు తిట్టడం మొదలుపెట్టింది.

నాంచారయ్య గట్టు మీద నిలబడ్డ శ్రీవిద్యని చూశాడు. ఆ పిల్ల మల్లి వెనక్కి నక్కింది.

"ఏం టీచరమ్మా, ఇప్పుడేమనాలి నేను? మళ్ళీ తప్పంటావేమో, నువ్వే చెప్పు."

"మీకెలా ఇష్టమైతే అలా అనండి బాబాయ్," అంది శ్రీవిద్య.

చార్టు చూపించే రోజు బుధవారం. శ్రీవిద్య పెన్ను తీసుకోలేదు, మల్లికే ఇచ్చింది. మల్లి 'గో' కింద వాళ్ళ నాన్న సముద్రానికి వెళ్తాడని రాసింది. 'కమ్' కింద మై ఫాదర్ కమ్స్ హోమ్ అని రాసింది. టీచర్ ఆ 'కమ్స్' దగ్గర వేలు పెట్టి సంతోషించారు. 'హోమ్'కి ముందు 'టు' పెట్టకపోవడం ఇంకా బాగుందన్నారు. శ్రీవిద్య చెప్పిందా అని అడిగారు.

"లేదండి. తనేమీ చెప్పలేదండి," అంది మల్లి. అలా అంటూ శ్రీవిద్య చెయ్యి పట్టుకుంది.

వాళ్ళ తర్వాత సాయికిరణ్ లేచాడు. మొన్న ఆదివారం అమ్మమ్మతో తెనాలి వెళ్ళిన సంగతి ఇంగ్లీషులో చెప్పసాగాడు. 'ఐ గోడ్ టు తెనాలి' అన్నాడు. నలుగురైదుగురు కిసుక్కుమని శ్రీవిద్య వైపు చూశారు, ఇక చూసుకోండి అన్నట్టు. సాయికిరణ్ కూడా అటే చూశాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

శ్రీవిద్య రెండు చేతుల మీదా గడ్డం ఆనించుకుని, తర్వాత ఏమైందన్నట్టు కళ్ళతోనే అడిగింది. వాడు ఊపిరి పీల్చుకుని చెప్పుకుపోయాడు. రైల్లో అమ్మమ్మ చెప్పు ఒకటి పట్టాల మీద పడిపోయిందట. ఆవిడ రెండోదీ విసిరేసి, దొరికినవాడికి జతగా దొరకాలి కదా అందట. క్లాసు విరగబడి నవ్వింది, ఈసారి వాడిని చూసి కాదు, కథకి.

ఇంటర్వెల్‌లో కుళాయి దగ్గర, ఇంకెవరూ లేనప్పుడు, శ్రీవిద్య వాడి పక్కకి వెళ్ళి, గోడ్ కాదురా, వెంట్ అని మెల్లగా చెప్పింది.

"అప్పుడే చెప్పొచ్చుగా," అన్నాడు వాడు.

"అప్పుడు చెబితే మీ అమ్మమ్మ చెప్పు ఆగిపోయేది," అంది శ్రీవిద్య.

అంతా జరిగింది జరిగినట్టే చెప్పాను. ఆ చేప ఒక్కటే నేను కల్పించింది. వీధి తలుపంత పండుగప్ప లేదు, జేబురుమాలంత చేప కూడా లేదు. పట్టినదంతా లాక్కొచ్చిన బోటువాళ్ళకే ఇచ్చేసి, నాంచారయ్య వట్టి చేతులతో ఆటో దిగాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి కాబట్టే, పదేళ్ళ పిల్లలు బరువని కూడా చూడకుండా, మల్లిని ఒక చేత్తో, శ్రీవిద్యని ఒక చేత్తో ఎత్తుకుని ఇంటిదాకా నడిచాడు.